తీరిక లేదు, పొద్దు పోదు

సెలవు రోజును ఎలా గడుపుతారో రాసి పంపమని ఈ శీర్షికలో ఇదివరకు పాఠకులను అడిగాము. వచ్చిన ఉత్తరాలలో చాలావరకు జవాబులకు బదులు ప్రశ్నలే ఉన్నాయి. ఊపిరి సలపడం లేదని కొందరు, పొద్దు పోవడం లేదని మరికొందరు రాశారు. వాటిలో ఏడింటిని ఎంచుకొని, రాసినవారి పేర్లు తీసివేసి, ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఒక కార్యాలయంలో పద్దులు చూస్తాను. ఇంటికి వచ్చి అరగంట పాటలు వింటూ కూర్చుంటే, ‘ఖాళీగా ఉన్నావా?’ అని ఇంట్లోవాళ్ళు ఏదో ఒక పని చెబుతారు. తీరికగా ఉండటం సోమరితనం కిందికి వస్తుందా?

జవాబు: మీ ఇంట్లోవాళ్ళు ‘ఖాళీ’ అన్నారు, మీరు ‘తీరిక’ అన్నారు. చిక్కంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. ఖాళీ అంటే నింపవలసినది. అది కనబడగానే ఎవరికైనా అందులో ఏదో ఒకటి వేయాలనిపిస్తుంది. తీరిక అలాంటిది కాదు. ‘తీరిక చేసుకొని రండి’ అని పిలిచేటప్పుడు, అది దానంతట అది దొరికేది కాదని, మనిషి పూనుకొని చేసుకోవలసినదని మన భాషే ఒప్పుకుంటోంది.

పాఠశాలను సూచించే ఆంగ్లపదం ‘స్కూల్’ గ్రీకు భాషలోని ‘స్కోలే’ నుంచి వచ్చింది. స్కోలే అంటే తీరిక. మనం పనుల్లో తలమునకలయ్యేది తీరిక కోసమేనని అరిస్టాటిల్ అన్నాడు. ఆయన చెప్పిన తీరిక బానిసల శ్రమ మీద నిలిచినదన్న సంగతి మరువకూడదు కానీ, పని కోసమే విశ్రాంతి అన్న నేటి లెక్కను ఆయన తలకిందులుగా చూశాడన్నది మాత్రం గమనించదగినది.

ఆ తీరిక మామూలు మనిషికి దక్కడానికి చాలాకాలం పట్టింది. రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు పనిచేయించే మిల్లుల కాలంలో, 1817లో, బ్రిటన్‌లో మిల్లు యజమానీ సంస్కర్తా అయిన రాబర్ట్ ఓవెన్ ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోదం, ఎనిమిది గంటల విశ్రాంతి అన్న నినాదం ఇచ్చాడు. 1856లో మెల్‌బోర్న్ నగరంలో రాతిపని కార్మికులు పనిముట్లు పక్కన పెట్టి ఊరేగింపుగా నడిచి ఎనిమిది గంటల పనిదినాన్ని సాధించుకున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒడంబడిక పరిశ్రమలలో పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను హక్కులుగానే పేర్కొంది. కాబట్టి ఈసారి ఎవరైనా అడిగితే ఖాళీగా లేను, తీరికగా ఉన్నాను అని చెప్పండి. వంటపని మీ వంతు అయిన రోజున మాత్రం ఈ జవాబు చెల్లదు. ఎందుకో తరువాతి ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: ఆదివారం ఇంట్లో అందరికీ సెలవు, నాకు తప్ప. ఆ రోజు అందరూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి నాకు పని రెట్టింపవుతుంది. ‘నీకు రోజంతా తీరికే కదా’ అంటారు. ఏమని జవాబు చెప్పను?

జవాబు: అంకెలతో చెప్పండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం, జీతం లేని ఇంటిపనికి, పిల్లలూ పెద్దల సంరక్షణకూ ప్రపంచవ్యాప్తంగా స్త్రీలు రోజుకు సగటున 4 గంటల 25 నిమిషాలు వెచ్చిస్తుంటే, పురుషులు గంటా 23 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అంటే మూడు రెట్లకు పైమాటే. ఇంట్లో ఒకరి సెలవు మరొకరి అదనపు పనిగా మారుతున్నదంటే అది కుటుంబమంతటి సెలవు కాదు.

అయితే గంటలు లెక్కించినంత మాత్రాన మీ ఇబ్బంది పూర్తిగా బయటపడదు. మీ మధ్యాహ్నాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పుస్తకం తెరిచి పది నిమిషాలు అవుతుంది. కుక్కర్ కూత వేస్తుంది. మళ్ళీ కూర్చుంటారు, తలుపు చప్పుడవుతుంది. మూడోసారి కూర్చున్నాక పిల్లవాడికి తువ్వాలు దొరకదు. ఆ మధ్యాహ్నం మొత్తం మీద మీరు కూర్చున్న నిమిషాలన్నీ కూడితే గంట దాటవచ్చు, చూసేవారికి అది గంట తీరికగానే కనిపిస్తుంది, కానీ చెవి ఒకటి ఎప్పుడూ వంటింటి వైపు వేసి ఉంచిన మనిషికి పుస్తకంలోని ఒక్క పేజీ కూడా నిలకడగా మనసుకు పట్టదు. ముక్కలైన తీరిక తీరిక కాదు.

అందుచేత ‘నాకు సాయం చేయండి’ అని అడగవద్దు. సాయం అన్న మాటతోనే పని మీదని, మిగతావారు దయతలచి అందుకుంటున్నారని ఒప్పుకున్నట్లు అవుతుంది. వారంలో ఒక పూట, ఉదాహరణకు మూడు గంటలు, పూర్తిగా మీది అని ముందే చెప్పండి. ఆ మూడు గంటలు వీలైతే ఇంటి బయట గడపండి. ఇంట్లోనే ఉంటే తువ్వాలు ఎక్కడుందని అడుగుతూనే ఉంటారు. ఇల్లు మొదటి వారం కొంత చిందరవందరగా ఉంటుంది. ఉండనివ్వండి.

ప్రశ్న: మా సంస్థలో వారాంతపు సెలవు ఒక్కొక్కరికి ఒక్కో రోజు. నాకు మంగళవారం, నా భార్యకు శుక్రవారం, పిల్లలకు ఆదివారం. సెలవుల సంఖ్యలో ఏ లోటూ లేదు. అయినా సెలవు తీసుకున్నట్లే అనిపించదు. ఇది నా మనసులోని లోపమా?

జవాబు: కాదు. ఒక దేశం దేశమే ఈ ప్రయోగం చేసి, మీరు చెప్పిన చోటికే చేరింది.

1929లో సోవియట్ ప్రభుత్వం యంత్రాలు ఒక్కరోజు కూడా ఆగకూడదన్న ఉద్దేశంతో ఏడురోజుల వారాన్ని పక్కన పెట్టి ఐదురోజుల వారాన్ని ప్రవేశపెట్టింది. కార్మికులను ఐదు జట్లుగా విభజించి ఒక్కో జట్టుకు ఒక్కో రంగు ఇచ్చారు. నాలుగు రోజులు పని, ఐదో రోజు సెలవు. కానీ ఆ ఐదో రోజు ఏదన్నది మీ రంగును బట్టి ఉంటుంది. ఏ రోజు చూసినా ఐదింట నాలుగు వంతుల మంది పనిలో ఉంటారు, ఒక వంతు సెలవులో ఉంటారు. కాగితం మీద ఇది కార్మికుడికి లాభసాటి బేరం. ఏడు రోజులకు ఒక సెలవైతే ఏడాదికి 52. ఐదు రోజులకు ఒకటైతే 70కి పైగా.

అయినా జనం హర్షించలేదు. భర్తది ఒక రంగు, భార్యది మరో రంగు అయితే ఇంట్లో ఒకరి సెలవుకు మరొకరు ఉండరు. స్నేహితులు కలవాలన్నా, జట్టుగా ఆట ఆడాలన్నా, సంఘం సమావేశం పెట్టాలన్నా అందరూ ఒకచోట చేరే రోజు అంటూ లేకుండా పోయింది. ప్రార్థనామందిరాలకు వెళ్ళే ఉమ్మడి రోజు తప్పిపోవడం పాలకులకు ఇష్టమైన ఫలితమే. కానీ దానితో పాటే తమ సొంత సభలకూ మనుషులు దొరకని పరిస్థితి వచ్చింది. ఆగకుండా నడిచిన యంత్రాలు మరమ్మతుకు నోచుకోక పాడయ్యాయి. ఏ యంత్రం ఎవరి బాధ్యతో తేలక పని నాణ్యతా దెబ్బతింది. 1931లో చాలాచోట్ల అందరికీ ఒకే సెలవు ఉండే ఆరురోజుల వారానికి మారారు. 1940లో ఆదివారం సెలవుతో ఏడురోజుల వారం తిరిగి వచ్చింది.

సెలవు విలువ దాని నిడివిలోనే లేదని, ఎవరితో కలిసివస్తుందన్న దానిలో కూడా ఉందని ఆ రెండేళ్ళలోనే తేలిపోయింది. చదరంగానికి ఇద్దరు కావాలి. బృందగానానికి పదిమంది కావాలి. చివరికి ఊసుపోక కబుర్లకైనా ఎదుట ఒకరుండాలి. ఒంటరిగా అనుభవించే తీరికను నేను తక్కువ చేయడం లేదు. చదువుకోవడానికీ, నడకకూ, నిద్రకూ మీ మంగళవారం చక్కగా సరిపోతుంది. కానీ అన్ని సెలవులూ అటువంటివే అయితే మనిషి విశ్రాంతి పొందుతాడు గాని, కుటుంబంలోనూ స్నేహబృందంలోనూ తన చోటును కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటాడు. పిలిస్తే రాలేడని తెలిసినవాడిని మూడోసారి ఎవరూ పిలవరు.

మీరు చేయగలిగినవి మూడు ఉన్నాయి. మీ సంస్థలో నెలకు ఒక ఆదివారమైనా వంతులవారీగా అందరికీ దక్కేలా చూడమని, సెలవుల పట్టికను కనీసం నెల ముందే ప్రకటించమని సహోద్యోగులతో కలిసి అడగండి. ముందే తెలిసిన సెలవుకు ఒక కార్యక్రమం అమరుతుంది, ముందురోజు తెలిసిన సెలవు నిద్రకే పోతుంది. రెండోది, మంగళవారమే సెలవున్న మరికొందరు తప్పక ఉంటారు. రాత్రిపూట పనిచేసేవారు, మంగళవారాలు దుకాణం మూసేవారు, పదవీవిరమణ చేసినవారు. వారిని వెదికి పట్టుకోవడం అనుకున్నంత కష్టం కాదు. మూడోది, మీ నలుగురూ ఇంట్లో ఉండే గంట రోజులో ఏదో ఒకటి ఉంటుంది. అది రాత్రి తొమ్మిది గంటలదే కావచ్చు. దాన్ని టీవీకి అప్పగించకండి.

ప్రశ్న: పదవీవిరమణ చేసి ఏడాదైంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చదవాలనుకున్న పుస్తకాలన్నీ ఇంట్లో ఉన్నాయి. ఒక్కటీ తెరవలేదు. చేతినిండా సమయం ఉండి పొద్దు ఎందుకు పోదు?

జవాబు: ఈ ప్రశ్నకు తొంభై ఏళ్ళ కిందటి ఒక పరిశోధన చెప్పే జవాబు ఇప్పటికీ పాతబడలేదు. ఆస్ట్రియాలో వియన్నాకు చేరువలోని మరియెంటాల్ అనే ఊరు ఒకే ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. ఆర్థికమాంద్యంలో ఆ మిల్లు మూతపడి ఊరు ఊరంతా నిరుద్యోగమైంది. మరీ యహోడా, పాల్ లజార్స్‌ఫెల్డ్, హాన్స్ త్సైజెల్ అనే పరిశోధకులు అక్కడి జీవితాన్ని నెలల తరబడి గమనించి 1933లో ఫలితాలు ప్రచురించారు. తీరిక దొరికింది గనుక జనం ఎక్కువ చదువుతారని ఎవరైనా అనుకుంటారు. జరిగింది అందుకు విరుద్ధం. గ్రంథాలయం నుంచి తీసుకెళ్ళే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. సంఘాలు, క్లబ్బులు పలచబడ్డాయి. పరిశోధకులు కిటికీ వెనుక నిలబడి వీధిలో మనుషుల నడకను గమనిస్తే, మగవాళ్ళు నెమ్మదిగా నడుస్తూ మాటిమాటికీ ఆగుతున్నారు. ఇంటిపని ఇంకా మిగిలి ఉన్న ఆడవాళ్ళ నడక అంతకంటే వేగంగా ఉంది. నిన్న మధ్యాహ్నం వరకు ఏం చేశారని అడిగితే మగవారిలో చాలామంది చెప్పలేకపోయారు.

మీ పరిస్థితి వారిది కాదు. మీకు పింఛను ఉండవచ్చు, రేపటి భయం ఉండకపోవచ్చు. కానీ ఒక్క విషయంలో పోలిక ఉంది. ఫలానా వేళకు ఫలానా చోట మీ కోసం ఒకరు ఎదురుచూస్తారన్న కట్టుబాటు మీ రోజులోంచి తొలగిపోయింది. పని మనకు జీతంతో పాటు ఆ కట్టుబాటును ఇస్తుంది. అది ఉన్నప్పుడు విసుగ్గా ఉంటుంది, పోయాక రోజంతా జారిపోతుంది.

కాబట్టి పుస్తకాల సంగతి తరువాత చూడవచ్చు. ముందుగా ఇతరులతో ముడిపడిన ఒక వేళను నిర్ణయించుకోండి. వారానికి రెండుసార్లు, గడియారం ప్రకారం. కెనడాకు చెందిన సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ స్టెబిన్స్ అప్పటికప్పుడు సరదా ఇచ్చే కాలక్షేపాన్నీ, ఏళ్ళ తరబడి సాధన చేస్తూ మెట్టు మెట్టుగా ఎదిగే వ్యాపకాన్నీ వేరుచేసి చూశాడు. సంగీతం, తోటపని, పక్షులను గమనించడం, నాటకం వంటివి రెండో కోవలోవి. వీటిలో కష్టం ఉంటుంది, కొన్నిరోజులు విసుగూ ఉంటుంది, అయినా మరుసటి వారం ఎందుకు వెళ్ళాలో మనిషికి తెలిసి ఉంటుంది. శరీరం మాటకొస్తే, పెద్దవారికి కూడా వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం, దానితోపాటు వారంలో మూడు రోజులైనా పట్టు తప్పి పడిపోకుండా కాపాడే కసరత్తులు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జతగా నడిచే మనిషి దొరికితే ఈ రెండు అవసరాలూ ఒకేసారి తీరుతాయి.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఈత, చిత్రలేఖనం, చదరంగం, నాట్యం నేర్పిస్తున్నాము. ఇన్ని ఆటలున్నా ‘ఆడుకోవడానికి టైం లేదు’ అని ఏడుస్తోంది.

జవాబు: అమ్మాయి చెప్పేది అక్షరాలా నిజం. మీరు చెప్పిన నాలుగూ మంచివే. కానీ అవి శిక్షణలు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో, ఏది తప్పో పెద్దవాళ్ళు చెబుతారు. ఆట అంటే ఆ మూడూ పిల్లలే తేల్చుకునేది. నలుగురు పిల్లలు ఒక అట్టపెట్టె చుట్టూ చేరితే మొదటి పావుగంట అది ఓడా, ఇల్లా అన్న తగవుతోనే గడుస్తుంది. ఆ తగవులోనే సగం ఆట ఉంది. ఒకరు అలిగి వెళ్ళిపోతే ఆట సాగదు కాబట్టి బతిమాలడం, రాజీపడటం, నియమం మార్చుకోవడం వాళ్ళకు వాళ్ళే నేర్చుకుంటారు. ఇది నేర్పే తరగతి ఎక్కడా లేదు.

డెన్మార్క్‌లో ఉద్యానవనాల రూపశిల్పి కార్ల్ థియోడర్ సోరెన్‌సెన్, తాను గీసి కట్టిన ఆటస్థలాల కంటే పారేసిన సామాన్ల మధ్య, కడుతున్న ఇళ్ళ దగ్గర పిల్లలు ఎక్కువ ఇష్టంగా ఆడుకోవడం గమనించాడు. 1943లో కోపెన్‌హాగన్ శివారు ఎమ్‌డ్రప్‌లో చెక్కముక్కలు, పాత టైర్లు వంటి తుక్కుతోనే ఒక ఆటస్థలం ఏర్పడింది. అందులో పిల్లలు తమకు కావలసినది తామే కట్టుకునేవారు. తరువాత చాలా దేశాలు ఆ బాట పట్టాయి. బాలల హక్కుల ఒడంబడిక 1989లో 31వ అధికరణంలో చదువుతో పాటు కాక విడిగా, విశ్రాంతికీ ఆటకూ పిల్లలకున్న హక్కును గుర్తించింది. మన పాత మాట ‘ఆటవిడుపు’లోనూ విడిచిపెట్టడమే ఉంది. నాలుగింటిలో ఏ రెండు ఉంచుకోవాలో అమ్మాయినే అడగండి.

ప్రశ్న: రాత్రి పడుకునే ముందు పది నిమిషాలని ఫోను తీస్తాను. గంటన్నర పోతుంది. చూసినందుకు సంతోషమూ ఉండదు. దీన్ని వినోదం అనవచ్చా?

జవాబు: మీరు దానితో వినోదిస్తున్నారా, అది మీ సమయంతో వ్యాపారం చేస్తోందా అన్నదే తేడా. నాటకానికి తెర పడుతుంది, పుస్తకంలో అధ్యాయం ముగుస్తుంది, ఆటలో ఎవరో ఒకరు గెలుస్తారు. ఇక చాలు అని లేవడానికి వాటిలో ఒక మెట్టు ఉంటుంది. వేలితో జరుపుతున్న కొద్దీ కొత్తది వచ్చే తెర మీద ఆ మెట్టును కావాలనే తీసేశారు. పది చెత్త వీడియోల తరువాత ఒక మంచిది తగులుతుంది. తరువాతిది కూడా అలాంటిదేనేమో అన్న ఆశే చేతిని కదిలిస్తుంది. ఈ జవాబు రాయడానికి కూర్చున్నప్పుడు నేనూ ఒక సందేశం చూద్దామని ఫోను తీసి, నలభై నిమిషాల తరువాత ఎవరో గుర్రానికి నాడాలు కొడుతున్న వీడియో దగ్గర తేలాను. ఫోనును మరో గదిలో ఛార్జింగుకు పెట్టి, అలారానికి వేరే గడియారం కొనుక్కోండి. మనోనిగ్రహం కంటే దూరం బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: మా నివాస సముదాయం సంఘానికి కార్యదర్శిని. ఉన్న కాస్త ఉద్యానవనాన్ని తీసి కార్లు నిలిపే స్థలం చేయాలని కొందరు, ఎవరూ అక్కడికి రారు కదా అని ఇంకొందరు అంటున్నారు. నిజంగానే అక్కడ ఎవరూ కూర్చోరు. ఏం చేయమంటారు?

జవాబు: ఎవరూ ఎందుకు కూర్చోరో చూడకుండా తీసివేయకండి. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి మరోసారి మీరే వెళ్ళి అరగంట కూర్చొని రండి. నీడ ఉందా? దీపం వెలుగుతోందా? వెనుకకు ఆనడానికి వీలుందా? దగ్గరలో మరుగుదొడ్డి ఉందా? ముసలివారు, చంటిపిల్లల తల్లులు రాకపోవడానికి చాలాసార్లు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. బల్లలన్నీ గోడ వైపు ఒకే వరుసలో వేస్తే అది బస్సు కోసం ఎదురుచూసే చోటులా ఉంటుంది. అక్కడ పక్కపక్కన కూర్చున్నా మాట కలవదు.

నాకు తెలిసిన ఒక పార్కులో ఇద్దరు పెద్దమనుషులు రోజూ సాయంత్రం చదరంగం ఆడేవారు. తెల్ల శకటు ఒకటి ఎప్పుడో పోయింది, దాని స్థానంలో సీసామూత పెట్టేవారు. ఆట చూడటానికి ఇద్దరు నిలబడేవారు, వారిని చూసి నలుగురు ఆగేవారు. కొద్దికాలానికి ఆ బల్ల దగ్గర ఎవరికి ఆపరేషన్ అయ్యింది, ఎవరింట్లో అద్దెకు గది ఉంది, ఏ పిల్లవాడికి లెక్కలు చెప్పేవారు కావాలి అన్న సంగతులన్నీ తెలిసేవి. ఒక వారం ఆ ఇద్దరిలో ఒకరు రాకపోతే, సాయంత్రం గడవకముందే ముగ్గురు ఆయన ఇంటి తలుపు తట్టారు. ఆట లేకపోతే ఆ ముగ్గురికి ఆయన ఇల్లు ఎక్కడో తెలిసే అవకాశమే లేదు.

ప్రజాధనంతో సామాన్యుల కోసం పార్కు కట్టడం అన్నది ఇంగ్లండులో బర్కెన్‌హెడ్ పట్టణం 1847లో తెరిచిన ఉద్యానవనంతో ఒక పద్ధతిగా ఊపందుకుంది. స్థలమే లేని చోట వేళను మార్చి స్థలాన్ని సంపాదించినవారూ ఉన్నారు. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారం ఉదయాల్లో ప్రధాన రహదారులలో కొన్నింటిని వాహనాలకు మూసి, నడిచేవారికీ సైకిళ్ళకూ వదులుతున్నారు. ఇప్పుడది వంద కిలోమీటర్లు దాటింది. కార్ల కోసం వేసిన రోడ్డే మధ్యాహ్నం దాకా ఆటస్థలమై, తరువాత మళ్ళీ రోడ్డవుతుంది. మీ సముదాయంలోనూ కార్ల స్థలాన్ని వారంలో ఒక పూట పిల్లలకు వదిలే ఏర్పాటు గురించి సంఘంలో చర్చకు పెట్టవచ్చు.

దానికి ముందు, ఖర్చు లేని పని ఒకటి చేయండి. ఉన్న బల్లల్లో రెండింటిని నీడకు జరిపి ఎదురెదురుగా వేయించండి, మధ్యలో ఒక చిన్న మేజా పెట్టించండి. రెండు నెలల తరువాత అక్కడ ఎవరు కూర్చుంటున్నారో మాకు రాయండి. ఈ శీర్షికలో ప్రచురిస్తాము.